“ప్రస్తుతానికి కాస్త ఎడం కావాలి” అంది. అంటే వెళ్ళిపొమ్మనా?

ఈ వారం ఉత్తరం జర్మనీ నుంచి వచ్చింది. రాసినాయనకి ముప్ఫై ఒక్క ఏళ్ళు. సొంతూరు గుంటూరు వైపు మిర్చి పండించే పల్లె. ఎమ్మెస్ చదవడానికి వెళ్ళి ఆరేళ్ళుగా అక్కడే ఉన్నారు. ఇప్పుడు గోట్టింగెన్‌లో కొలత పరికరాలు తయారుచేసే ఒక కంపెనీలో ఇంజనీరు. రెండేళ్ళుగా ఒక జర్మన్ అమ్మాయితో ప్రేమలో ఉన్నారు. ఆమె కాసెల్‌లో స్కూల్ టీచర్, పిల్లలకి జర్మన్ చెబుతుంది. రెండు ఊళ్ళకీ మధ్య స్పీడ్ రైల్లో ఇరవై నిమిషాల ప్రయాణం. శని, ఆదివారాలు ఆమె ఈయన దగ్గరికి రావడమో, ఈయన వెళ్ళడమో మామూలు.

ఇంట్లో ఈ సంగతి ఎవరికీ తెలీదు. అమ్మ సంబంధాలు చూస్తున్నారు. నరసరావుపేట వాళ్ళది ఒకటి బాగా కుదిరేలా ఉందట, సంక్రాంతికి వస్తే పెళ్ళిచూపులు పెట్టేద్దామంటున్నారు. ఈయన “చూద్దాంలే అమ్మా” అంటూ నెట్టుకొస్తున్నారు.

పందొమ్మిది రోజుల కిందట ఆ అమ్మాయి దగ్గర్నుంచి ఒక మెసేజ్ వచ్చింది. ఒకటే వాక్యం: “ఇష్ బ్రౌఖె గెరాడె ఎట్‌వాస్ ఆప్‌ష్టాంట్.” ఈయన “ఓకే” అని జవాబిచ్చారు. తర్వాత అటు నుంచీ మాట లేదు, ఇటు నుంచీ లేదు. నిద్ర పట్టడం లేదట. రాత్రిళ్ళు నిఘంటువులు తిరగేస్తున్నారు. ఆప్‌ష్టాంట్ అన్నా ‘దూరం’ అనే చూపిస్తోంది, ఎంట్‌ఫెర్నుంగ్ అన్నా ‘దూరం’ అనే చూపిస్తోంది. రెండిట్లో ఆమె ఆ ఒక్కటే ఎందుకు వాడిందని మూలాల్లోకి వెళ్తే, ఆప్‌ష్టాంట్‌కి పాత కోర్టు భాషలో ‘హక్కు వదులుకోవడం’ అనే అర్థం కనిపించింది. దాంతో టెన్షన్ రెట్టింపైంది. ఉత్తరంలో రెండు పేజీలు దీని గురించే. చివర్లో ఇలా అడిగారు: “మేడమ్, మీరు ఒకప్పుడు జర్మన్ పాఠాలు చెప్పేవారని చదివాను. ఈ మాటకి అసలు అర్థం ఏమిటి? నేను ఎదురుచూడాలా, వెళ్ళి కలవాలా, మర్చిపోవాలా?”

పేజీ మడత దగ్గర, రెండు నిఘంటువుల మధ్య ఇరుక్కుని ఇంకో వాక్యం ఉంది: “ఆ ముందు ఆదివారం అమ్మ వీడియో కాల్ చేస్తే తనని కాస్త పక్కకి వెళ్ళమన్నాను, అంతే, గొడవ లాంటిది ఏమీ జరగలేదు.” దీని దగ్గరికి తర్వాత వస్తాను.

సమాధానం

మీరు ముందు మాట గురించి అడిగారు కాబట్టి నేనూ అక్కడే మొదలుపెడతాను. నాకు ఇష్టమైన విషయం కూడా, కాస్త ఓపిక పట్టండి.

హైదరాబాదులో జర్మన్ చెప్పే రోజుల్లో నా క్లాసులో ఒక అమ్మాయి ఉండేది. జర్మనీలో నర్సింగ్ ఉద్యోగానికి పరీక్ష రాయాలి. ‘కొత్త ఊళ్ళో మీ కష్టాలు’ అని వ్యాసం ఇచ్చాను. ‘అమ్మానాన్నలకి దూరంగా ఉండటం వల్ల నాకు బెంగగా ఉంది’ అని రాయాలనుకుని, ‘వేగెన్ డేర్ ఎంట్‌ఫెర్నుంగ్ మైనర్ ఎల్టెర్న్’ అని రాసింది. దాన్ని జర్మన్ వాళ్ళు చదివితే, ‘మా అమ్మానాన్నలని తొలగించడం వల్ల’ అని అర్థమవుతుంది. క్లాసంతా నవ్వింది, ఆ పిల్ల కూడా నవ్వింది. కానీ తప్పు ఆమెది కాదు, ఆ మాటదే. ఎంట్‌ఫెర్నుంగ్‌కి రెండు పనులు. రెండు ఊళ్ళ మధ్య ఎన్ని కిలోమీటర్లో అదీ ఎంట్‌ఫెర్నుంగే, చొక్కా మీద మరక పోగొట్టడమూ ఎంట్‌ఫెర్నుంగే, జ్ఞానదంతం పీకించుకోవడమూ ఎంట్‌ఫెర్నుంగే.

ఎందుకలాగంటే, ఆ మాట పుట్టింది ఒక క్రియ నుంచి. ‘ఫెర్న్’ అంటే దూరంగా ఉన్నది. ఇంగ్లిష్ ‘ఫార్’ దానికి దగ్గరి చుట్టం. ఇంకా వెనక్కి వెళ్తే సంస్కృతంలోని ‘పర’ కూడా ఆ వంశమే. మనం పరదేశం, పరలోకం అంటామే, ఆ పర. దాని ముందు ‘ఎంట్’ అనే ఉపసర్గ చేర్చి ‘ఎంట్‌ఫెర్నెన్’ అనే క్రియ చేశారు, అంటే ఉన్నచోటి నుంచి తీసి అవతల పెట్టడం. ‘ఉంగ్’ తగిలిస్తే అది నామవాచకమైంది. మొదట తీసేయడం, ఆ తర్వాతే తీసేసిన దానికీ మనకీ మధ్య ఏర్పడిన దూరం. ఇంకో తమాషా ఏమిటంటే, ఈ ‘ఎంట్’ అనే ముక్కకి మొదట్లో ‘ఎదురుగా’ అని అర్థం. సంస్కృతంలో దీనికి తోబుట్టువు ‘అంతి’, అందులోంచే ‘అంతికం’ వచ్చింది. మన పాత పద్యాల్లో అంతికం అంటే దగ్గర! దూరాన్ని చెప్పే జర్మన్ మాట గుమ్మంలోనే దగ్గరితనానికి బంధువు కూర్చుని ఉందన్నమాట.

1927లో హైడెగర్ అనే జర్మన్ తత్వవేత్త ఈ మాటతో ఇంకో ఆట ఆడాడు. ఎంట్‌కీ ఫెర్నుంగ్‌కీ మధ్య చిన్న గీత పెట్టి, ఇది దూరాన్నే తీసేయడం, అంటే దగ్గరికి తెచ్చుకోవడం అన్నాడు. ముక్కు మీదున్న కళ్ళజోడు కొలతకి అన్నిటికంటే దగ్గరే, కానీ మనసు ఎదుటి గోడ మీది బొమ్మ మీద ఉంటే, ఆ మనిషికి బొమ్మే దగ్గర, కళ్ళజోడు దూరం, అని అతని ఉదాహరణ. ఆ కళ్ళజోడుతో మళ్ళీ పనుంది, గుర్తుపెట్టుకోండి.

ఇక మీ మాట, ఆప్‌ష్టాంట్. ఇందులో ‘దూరం’ అనే ముక్క ఎక్కడా లేదు. ‘ఆప్’ అంటే విడిగా, ‘ష్టాంట్’ అంటే నిలబడి ఉండటం. ‘ష్టేహెన్’, నిలబడు, అనే క్రియ నుంచి వచ్చింది. మన స్థానం, స్థలం, స్థితి అన్నీ ఏ ధాతువు నుంచి వచ్చాయో, ఇదీ అక్కడి నుంచే. లాటిన్‌లో ‘దిస్తాంతియా’ కూడా సరిగ్గా ఇలాగే కట్టిన మాట, విడిగా నిలబడటం. దాన్నే జర్మన్లు డిస్టాంట్స్ అని తెచ్చుకుని వాడుకుంటున్నారు, ఇంగ్లిష్ వాళ్ళు డిస్టెన్స్ అన్నారు. తేడా గమనించారా? ఎంట్‌ఫెర్నుంగ్‌లో ఒకరిని ఇంకొకరు తీసి పక్కన పెడుతున్నారు. ఆప్‌ష్టాంట్‌లో ఇద్దరూ నిలబడే ఉన్నారు, మధ్యలో జాగా ఉంది.

మీరు దీన్ని ‘దూరం’ అని అనువదించుకున్నారు, నిద్ర పోయింది అందుకే. తెలుగులో దూరానికి మంచిపేరు లేదు. ‘దూరం పెట్టారు’ అంటే అవమానం. ‘చిన్నప్పుడే తండ్రి దూరమయ్యాడు’ అంటే పోయాడని. ఆ చెవితో వింటే గుండె జారకుండా ఎలా ఉంటుంది? కానీ మనకి ఇంకో మాట ఉంది, మీ నాన్నగారికి బాగా తెలిసిన మాట. మిర్చి నారు నాటేటప్పుడు సాలుకీ సాలుకీ, మొక్కకీ మొక్కకీ మధ్య ఏం వదులుతారు? దూరం అనరు, ఎడం అంటారు. ఎడం తగ్గితే గాలాడదు, తెగులు పడుతుంది, పాటు చేయడానికి దారి ఉండదు. జర్మన్ తోటల పుస్తకాల్లో దాన్ని ‘ప్ఫ్లాంట్స్‌ఆప్‌ష్టాంట్’ అంటారు, అచ్చంగా మొక్కల ఎడం. అక్కడ పొరపాటున మొక్కల ఎంట్‌ఫెర్నుంగ్ అని రాస్తే, పెరికి పారేయడం అని అర్థమవుతుంది. మీరు రైతుబిడ్డ. ఈ రెండిటి మధ్య తేడా నాకంటే మీకే బాగా తెలుసు.

అలాగని ఎడం అంటే మంచే అని సంబరపడకండి. ఎడబాటులోనూ ఆ ఎడమే ఉంది, ఎడముఖం పెడముఖంలోనూ ఉంది.

జర్మన్ వాళ్ళు రోజూ ఈ మాటని ఎలా వాడతారో చూద్దాం. టైపు చేసిన పంక్తుల మధ్య ఖాళీ ఆప్‌ష్టాంట్. కరోనా కాలంలో 2020లో మీరు అక్కడే ఉండి ఉంటారు, ఒకటిన్నర మీటరు ఆప్‌ష్టాంట్ పాటించండని షాపుల ముందంతా రాసిపెట్టారు. డ్రైవింగ్ స్కూల్లో ‘హాల్బర్ టాఖో’ అని నేర్పుతారు, అంటే స్పీడోమీటరులో సగం. వంద కిలోమీటర్ల వేగంతో వెళ్తుంటే ముందు కారుకి యాభై మీటర్ల ఆప్‌ష్టాంట్ ఉంచాలి. ఎదురుగా వచ్చే కారుతో ఈ లెక్క ఉండదు, ఒకే దిక్కుకి వెళ్ళేవాళ్ళ మధ్యే. ఎవరైనా అందరికంటే మేలైతే ‘మిట్ ఆప్‌ష్టాంట్’ మేలు అంటారు. ఇంత మామూలు మాట ఇది.

మరి ఆ కోర్టు అర్థం? అదీ నిజమే, మీరు కనిపెట్టింది తప్పు కాదు. దేన్నుంచైనా పక్కకి తప్పుకుని నిలబడటమంటే దాని మీద హక్కు వదులుకోవడం. అద్దె ఇల్లు మారేటప్పుడు పాత అద్దెదారుకి ఫర్నిచరు వదిలేసినందుకు ఇచ్చే డబ్బుని ఇప్పటికీ ఆప్‌ష్టాంట్ డబ్బనే అంటారు. మీ గోట్టింగెన్‌లోనూ ఎవరో ఒకరు మిమ్మల్ని అడిగే ఉంటారు. అయితే ఆ అర్థం కావాలంటే జర్మన్‌లో వేరే క్రియ పడాలి. ‘ఆప్‌ష్టాంట్ నేమెన్’, ఫలానా దాన్నుంచి ఆప్‌ష్టాంట్ తీసుకోవడం అంటే మానుకోవడం, విరమించుకోవడం. ‘హాల్టెన్’ అంటే పాటించడం. ‘గెవినెన్’ అంటే సంపాదించుకోవడం, అంటే జరిగినదాన్ని కాస్త వెనక్కి జరిగి చూడగలిగే స్థితికి రావడం. మీ అమ్మాయి నేమెన్ వాడలేదు. బ్రౌఖెన్ వాడింది: కావాలి, అవసరం.

మీరు గమనించని చిన్న ముక్కలు ఇంకో రెండున్నాయి. ‘గెరాడె’ అంటే ఇప్పుడు, ఈ సమయంలో. ‘ఎట్‌వాస్’ అంటే కొంచెం. ఆ వాక్యం మొత్తం తెలుగులో పెడితే, ‘నాకు ప్రస్తుతానికి కాస్త ఎడం కావాలి’. ఆరు వందల ఏళ్ళ వెనక్కి వెళ్ళి ఒక మాట మూలం తవ్వారు, పక్కనే ఉన్న ‘ప్రస్తుతానికి’నీ ‘కాస్త’నీ దాటేసి వెళ్ళారు. జర్మన్ టీచరు కొంచెం, ఇప్పుడు అని ఊరికే రాసి ఉండదు.

ఇక్కడ ఒక హెచ్చరిక. జర్మనీలో కూడా తెగతెంపులు చాలాసార్లు ఈ వాక్యంతోనే మొదలవుతాయి. మెత్తగా చెప్పాలనుకునేవాళ్ళు ఇలాగే చెబుతారు. కాబట్టి నేను ఇచ్చిన ఈ వ్యుత్పత్తి అంతా చదివి, ‘అమ్మయ్య, ఇద్దరం నిలబడే ఉన్నాం’ అనుకుంటే, నేను మీకు మేలు చేసినట్టు కాదు. ఒక మాట ఎక్కడ పుట్టిందో, దాన్ని పలికినవాళ్ళ మనసులో ఏముందో, రెండూ ఒకటి కావు. ‘ఆగ్రహం’ తీసుకోండి. హిందీ వాళ్ళు ఆగ్రహం చేస్తే బతిమాలుతున్నట్టు, మనం ఆగ్రహిస్తే మండిపడుతున్నట్టు. ఒకే సంస్కృత పదం. ఉపన్యాసం మనకి సభలో దంచేది, వాళ్ళకి చదువుకునే నవల. ‘అవకాశం’ అంటే సంస్కృతంలో ఖాళీ జాగా. మనం దాన్ని ఛాన్స్ చేసుకున్నాం. మూలం పట్టుకుని మనిషిని చదవబోతే బోర్లా పడతాం.

మీరు తిరగేసిన నిఘంటువుల్లో గ్రిమ్ సోదరులది కూడా ఉందని రాశారు. ఆ సోదరులు మీ ఊరివాళ్ళే, కొంతకాలం. గోట్టింగెన్ విశ్వవిద్యాలయంలో పనిచేసేవారు. 1837లో హానోవర్ రాజు రాజ్యాంగాన్ని రద్దు చేస్తే ఏడుగురు ప్రొఫెసర్లు అది తప్పన్నారు, అందులో ఈ ఇద్దరూ ఉన్నారు. ఏడుగురి ఉద్యోగాలూ ఊడాయి. అన్న యాకోబ్‌ని మూడు రోజుల్లో రాజ్యం వదిలి పొమ్మన్నారు. ఆయన వెళ్ళింది ఎక్కడికో తెలుసా, కాసెల్‌కి. మీరు శనివారాలు వెళ్ళే దారే. ఆ మరుసటి ఏడాది, పని లేక, డబ్బు లేక ఒప్పుకున్న పనే ఆ నిఘంటువు. మొదటి సంపుటం 1854లో వచ్చింది, చివరిది 1961లో. యాకోబ్ 1863లో చనిపోయేనాటికి ‘ఎఫ్’ అక్షరంలో ‘ఫ్రుఖ్ట్’, అంటే పండు, అనే మాట దగ్గర ఉన్నాడు. ‘ఆప్‌ష్టాంట్’, ‘ఎంట్‌ఫెర్నుంగ్’, ‘ఫెర్న్’ మూడూ ఆయన పూర్తిచేసిన భాగంలోవే. ఇది మీ సమస్యకి ఏ రకంగానూ పనికిరాదు. చెప్పకుండా ఉండలేకపోయాను.

సరే, ఆ వీడియో కాల్ దగ్గరికి వద్దాం.

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఆమె మాట గురించి రెండు పేజీలు రాశారు, మీ మాట గురించి ఒకే ఒక్క వాక్యం. ఆదివారం, మీ ఇల్లు. ఆమె మీ పక్కన సోఫాలో ఉంది. అమ్మ ఫోన్ వచ్చింది. ‘కాస్త పక్కకి వెళ్ళు’ అన్నారు. మీరు ఏ భాషలో అన్నారో రాయలేదు, జర్మన్‌లోనే అని ఉంటారు. ‘గే మాల్ కుర్ట్స్ వెక్’ లాంటిదేదో. మీరు వెతకని మాట అది, ‘వెక్’. దాని మూలం కూడా చెబుతాను, అడిగినా అడక్కపోయినా. ‘వేక్’ అని దీర్ఘంతో పలికితే దారి. మన వాహనంలోని ‘వహ్’ ధాతువుకి చుట్టం. ‘దారి మీద’ అని రెండు మాటలుగా అనేది కాలక్రమంలో అరిగిపోయి, ‘వెక్’ అని పొట్టిదైంది. అంటే దారి పట్టు, ఇక్కడ ఉండకు.

గొడవ జరగలేదన్నారు. ఆమె లేచి వంటింట్లోకో పడకగదిలోకో వెళ్ళి ఉంటుంది. మీరు అరగంటో గంటో తెలుగులో మాట్లాడారు. ఆమె పక్క గదిలో, చప్పుడు కాకుండా, రెండేళ్ళ తర్వాత కూడా తెర మీదికి రాకూడని మనిషిగా కూర్చుంది. గుంటూరులో ఉన్న అమ్మ మీకు గోడ మీది బొమ్మ, ఆ అమ్మాయి మీ ముక్కు మీది కళ్ళజోడు. నిజంగా అలాగే జరిగిందో లేదో నాకు తెలీదు, మీరు రాసినదాన్ని బట్టి ఊహిస్తున్నాను. ఆ మెసేజ్ ఆ వారంలోనే వచ్చిందని మాత్రం మీరే రాశారు. ముందు ఎడం అడిగింది మీరు, ఆమె కాదు.

దీంట్లో మిమ్మల్ని దోషిగా నిలబెట్టాలని లేదు. అమ్మ ఫోన్ రాగానే చేతిలో ఉన్నదాన్ని దాచేయడం మనందరికీ చిన్నప్పటి నుంచీ అలవాటే. మీరు దాచింది అమ్మకి భయపడి. కానీ దాగినవాళ్ళకి ఆ భయం కనపడదు, దాచడమే కనపడుతుంది.

ఇప్పుడేం చేయొచ్చు?

ఇలాగే ఎదురుచూడొచ్చు. మీకు అది గౌరవంగా అనిపిస్తుంది, కొంతవరకు నిజం కూడా. అడిగిన ఎడం ఇచ్చారు, ప్రతి గంటకీ మెసేజులు పెట్టి వేధించలేదు. అది మీ మంచితనం. కానీ మీ చివరి మాట ‘ఓకే’. అవతలివాళ్ళు దాన్ని ‘సరే, నీకు కావలసినంత సమయం తీసుకో’ అని చదువుకోవచ్చు, ‘పోతే పో’ అని కూడా చదువుకోవచ్చు. పందొమ్మిది రోజులు ముప్ఫై అయ్యేకొద్దీ రెండో అర్థం బలపడుతుంది. ఏమీ చేయకపోవడం కూడా ఒక జవాబే అవుతుందని తెలిసి ఆగితే ఆగండి.

చెప్పకుండా కాసెల్ వెళ్ళిపోవచ్చు. ఇరవై నిమిషాలేగా! మన సినిమాల్లో అయితే వానలో ఇంటి ముందు నిలబడాలి, ఆమె కిటికీ తెరవాలి. నిజంగా అలా చేస్తే ఆమె కరగవచ్చు కూడా. అయితే కాస్త జాగా కావాలని అడిగిన మనిషి తలుపు ముందు నిలబడటమంటే, నువ్వు అడిగింది నేను వినలేదని చెప్పడమే. తలుపు తీయకపోతే ఆ రోజు తిరుగు రైలు చాలా పొడుగ్గా ఉంటుంది. జర్మన్లందరూ ఇలాంటివాళ్ళు, తెలుగువాళ్ళందరూ అలాంటివాళ్ళు అని నేను అనను. ఆమెని రెండేళ్ళు చూసినవారు మీరు. నాకైతే ఈ దారి మీద నమ్మకం లేదు.

నాలుగు వాక్యాలు రాయొచ్చు. ‘నన్ను వదిలేస్తున్నావా’ అని అడగడానికి కాదు, ‘ఆప్‌ష్టాంట్ అంటే ఏ అర్థంలో వాడావు’ అని అడగడానికి అసలే కాదు. జర్మన్ టీచర్ని ఆ మాట అడిగితే పరీక్ష పేపరు దిద్దినట్టు దిద్దుతుంది. ఆ ఆదివారం మీరు చేసింది ఆమెకి ఎలా తగిలి ఉంటుందో మీకు ఇప్పుడు తెలిసిందని రాయండి. జవాబు ఎప్పుడిచ్చినా ఫరవాలేదని రాయండి, రాశాక నిజంగానే ఫరవాలేకుండా ఉండండి. దీనివల్ల నష్టమేమిటంటే, జవాబు రావచ్చు. అది మీకు నచ్చనిది కావచ్చు. ఇన్నాళ్ళూ నిఘంటువుల్లో తిరగడంలో ఒక సుఖం ఉంది చూశారా, నిఘంటువు ఎప్పుడూ వద్దు అనదు.

ఇంటి సంగతి దీనికంటే బరువైనది. అమ్మకి చెబితే ఏమవుతుంది? కొన్ని నెలలు మాట్లాడకపోవచ్చు. నాన్న ‘నీ ఇష్టం రా’ అని ఊరుకోవచ్చు, అది తిట్టు కంటే గట్టిగా తగులుతుంది. పిన్నులూ పెదనాన్నలూ రంగంలోకి దిగుతారు. మెల్లగా సర్దుకునే ఇళ్ళూ చూశాను, పదేళ్ళైనా సర్దుకోని ఇళ్ళూ చూశాను. మీ ఇల్లు ఏ రకమో మీకు ఒక అంచనా ఉంటుంది. చెప్పదలచుకుంటే మాత్రం ఆమె తిరిగి రావడానికి రుసుము కడుతున్నట్టు చెప్పకండి. ‘చూడు, నీకోసం అమ్మకి చెప్పేశాను’ అని మర్నాడే ఆమెకి మెసేజ్ పెడితే, కాదనడానికి ఆమెకి చోటు లేకుండా చేసినట్టే. ఆమె ఉన్నా లేకపోయినా చెప్పాల్సిన మాటేనా అని మిమ్మల్ని మీరు అడిగి చూసుకోండి. అవునంటే చెప్పండి.

చెప్పలేనని తేలితే? అదీ ఒక దారే, నేను తప్పు పట్టను. ముప్ఫై ఏళ్ళు పెంచినవాళ్ళ మాట దాటలేని మనుషులు చెడ్డవాళ్ళు కారు. అప్పుడు ఆ సంగతి ఆమెకి తెలియాలి. ‘మా ఇంట్లో ఎప్పటికీ చెప్పలేను’ అని వింటే ఆమె వెళ్ళిపోవచ్చు. తెలిసి వెళ్ళిపోవడం వేరు, తెలియకుండా ఇంకో రెండేళ్ళు పక్క గదిలో కూర్చోవడం వేరు.

వీటన్నిటిలో ఆగకుండా, ఈ వారమే చేయమని నేను గట్టిగా చెప్పేది ఒక్కటుంది. నరసరావుపేట సంబంధం. అక్కడ ఒక అమ్మాయి ఉంది, మీ ఉత్తరంలో ఆమెకి ఒక విశేషణం కూడా లేదు. వాళ్ళింట్లో సంక్రాంతికి ఏర్పాట్లు మొదలై ఉంటాయి. మీ ‘చూద్దాంలే’ని వాళ్ళు సగం ఒప్పుకోలుగా లెక్కేసి ఉంటారు. ఆ అమ్మాయి వేరే సంబంధాలు ఆపుకుని కూర్చుందేమో. కారణం ఇప్పుడే చెప్పలేకపోతే చెప్పకండి, ‘ఈ సంబంధం వద్దమ్మా, వాళ్ళకి చెప్పేయండి’ అని మాత్రం చెప్పండి. అమ్మ ఎందుకని అడుగుతారు. అక్కడి నుంచి సంభాషణ ఎటు పోతుందో మీ చేతుల్లో ఉండదు, నాకు తెలుసు. అయినా సరే.

ఆమెకి రాయాలనుకుంటే మొదటి వాక్యం నేను రాసిస్తాను, మిగతాది మీరు రాసుకోండి: ‘ఎస్ టూట్ మియర్ లైట్, దాస్ ఇష్ డిష్ వెక్‌గెషిక్ట్ హాబె.’ నిన్ను పక్కకి పంపేసినందుకు బాధపడుతున్నాను, అని. అందులో మీ ‘వెక్’ ఉంది, ఉండనివ్వండి. ‘దాస్’కి ముందు కామా పెట్టండి, ఆఖర్న రెండు ఎస్‌లు రాయండి. ఆమె టీచరు, మర్చిపోకండి.